పిక్కల లెక్క పుస్తకంలో

పప్పు పొయ్యి మీద ఉంది.
కరివేపాకు కోసం పెరట్లోకి వచ్చాను.
పిక్కల బట్టీకి పోయే ఆటో ఇంకా రాలేదు.
గోడ మీద తొండకి తల ఎర్రబడింది,
ఎవరితోనో బేరమాడుతున్నట్టు ఊపుతోంది.
ఫాల్గుణం ఇంకా రాలేదని నేనంటే
అది ఒప్పుకునేలా లేదు.

"పెద్దమ్మా, బేగి రా, ఎలిపోతాది!"
పక్కింటి ఢిల్లేశ్వరి గొంతు.
గొంతుకన్నా ముందు దాని వేలు.
చేతిలో గరిటెతోనే వెళ్ళాను.
కాకరపాదు మీద పసుపుది.
ఒకటి కాదు, రెండు.
ఒకదాని నీడలో ఒకటి పడి లేస్తూ
దడి దాటి జీడితోటలోకి పోయాయి.
అక్కడ పూత మీద ఎండ ఇంకా దిగలేదు,
వాసన మాత్రం దిగింది.

నాకో పుస్తకం ఉంది.
రోజుకి ఎన్ని కిలోల పిక్కలు కొట్టానో
మేస్త్రి ఎంత కోశాడో రాసుకునేది.
వెనక పేజీల్లో నా సొంత పద్దు:
యేటి మొదటి సీతాకోకచిలక
ఏ రోజు, ఏ రంగు, ఏ చెట్టు.
జీడిపాలకి నల్లబడ్డ వేళ్ళు కదా,
ప్రతి తేదీ పక్కనా ఓ మచ్చ పడుతుంది.
అవీ రెక్కల్లాగే ఉన్నాయంటుంది గుంట.

ఒక్క పేజీ మీద మచ్చ కూడా లేదు.

తిత్లీ వచ్చిపోయిన తర్వాతి వసంతం అది.
కొబ్బరిచెట్లకి తలల్లేవు.
జీడిచెట్లు వేళ్ళు పైకెత్తుకుని పడుకున్నాయి.
ఉప్పుగాలికి మాడిన తోటలో
పురుగు కొరకడానికి కూడా పచ్చన లేదు.
తుపానుకి ఆ పేరెవరు పెట్టారో.
తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలకట,
పంతులుగారు చెప్పిన రోజు
మా వీధి కాసేపు మాట్లాడలేదు.
ఆ మాట తర్వాత చాన్నాళ్ళు
ఎవరి నోటా రాలేదు.
జ్యేష్ఠంలో ఎప్పుడో ఒకటి, నల్లది,
రేకుల కప్పు మీద వాలితే
మా తోటికోడలు దమయంతి చీపురు తీసింది.
కొట్టలేదు.
చీపురు పట్టుకుని నిలబడి ఏడ్చింది.
అది నేను రాసుకోలేదు.
రాయాలనిపించలేదు, అంతే.

ఢిల్లేశ్వరికి ఇవేమీ తెలీవు.
గాలి వెళ్ళిన రెండేళ్ళకి పుట్టింది.
"ఆ కొబ్బరిచెట్టుకి తల ఏటైపోనాది?"
అని అడిగిందోసారి.
"చిలకలకి ఇల్లు కావాలంటే ఇచ్చేసింది" అన్నాను.
అబద్ధమాడాననుకున్నాను గానీ
మోడు తొర్రలోంచి ఎర్రముక్కొకటి
నిజమేనన్నట్టు బయటికి చూసింది.

పప్పు గుర్తొచ్చింది.
నాలుగు రెమ్మలు తుంచబోతే
ఆకు మీద కాకిరెట్ట.
ఛీ అని దులపబోయాను.
రెట్ట కదిలింది.
గుంట నా చెయ్యి పట్టేసుకుంది.
ఇద్దరం వంగి చూశాం.
మట్టిరంగు ఒంటి మీద తెల్లటి మరక,
ఎవరూ తినకూడదని ఇలా పుట్టింది,
ఎంత తెలివో, ఎంత భయమో.
పక్క రెమ్మ మీద ఇంకోటి, వయసొచ్చింది,
ఒళ్ళంతా పచ్చబడి
ఆకు అంచుని కొడవలి పెట్టి కోసినట్టు తింటోంది.
ముట్టుకుంటే ఎర్రటి కొమ్ములు రెండు చాచి
గుప్పున కంపు కొట్టింది.
"కోపమొచ్చినాది దీనికి!"
ఢిల్లేశ్వరి వెనక్కి దూకి
మళ్ళీ ముందుకే వచ్చింది.

లోపల పప్పు అడుగంటిన వాసన.
బయట ఆటో హారను.
తాలింపు లేకుండానే గిన్నె కట్టుకుని పరిగెత్తాను.

అప్పట్లో నష్టం రాసుకోడానికొచ్చిన బాబు
పడ్డ చెట్టుకో గీత గీసుకుంటూ పోయాడు.
ఇంకేమైనా పోయాయా అనడిగితే
ఏం చెప్పాలో తెలీక తలూపాను.
ఇప్పుడు ఆటోలో, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని
గతుకులకి వంకరపోతూ రాస్తున్నాను:
పసుపువి రెండు, కాకరపాదు, ఎండపొడ పడగానే.
పురుగులు రెండు. ముందు చూసింది ఢిల్లేశ్వరి.
నష్టం: కరివేపాకు, నాలుగు రెమ్మలు.

"ఏటి రాస్తన్నావే?"
పక్కన ఇరుక్కుని కూర్చున్న దమయంతి.
దానికి చదువు రాదు.
పుస్తకం దాని వేపు తిప్పాను.
తేదీ పక్కన ఇంకా ఆరని మచ్చ మీద
నల్లటి వేలు పెట్టి
అటూ ఇటూ చూసింది.
"ఇదేటి," అంది,
"సీతాకోకసిలకా?"